తురగ ఇంటి కుంపటి

మే 4, సోమవారం
మధ్యాహ్నపు లెక్క: 341

ఎండ సైరన్ తొమ్మిదికి మోగింది. హాస్టల్ కిటికీలకు తడి గోనెలు కట్టి, సీసాలో నీళ్ళు నింపుకుని గణన గదికి వచ్చాను. మా భవనంలో నేల కింద ఉన్న గది ఇదొక్కటే. యంత్రాలకు చల్లదనం కావాలి కాబట్టి మాకూ కాస్త దొరుకుతుంది.

నా పని వరుణగిరి అనే ఆటలోకంలో ఆటగాళ్ళను లెక్కపెట్టడం. ఊరంతా తలుపులు వేసుకుని ఇళ్ళలో ఉండే వేళలో లెక్క తీస్తాం. అది విద్యుత్ మండలికి వెళ్తుంది. తలకు ఇంత అని వాళ్ళు కరెంటు ఇస్తారు. నెల సగటు మూడు వందలకు తగ్గితే ఆ లోకాన్ని ఆపేస్తారు.

తలలు యంత్రమే లెక్కపెట్టగలదు. కానీ మనిషి లేకుండా ఊరికే తిరిగే బొమ్మలను లెక్కలో కలిపి కొన్ని కంపెనీలు పట్టుబడ్డాయి. అప్పటి నుంచి గణకులు ఆట లోపలికి వెళ్ళి, వీధి మొదట్లో నిలబడి, "ఉన్నారా?" అని అడగాలి. ఒక్కొక్కరూ తమ గొంతుతో "ఉన్నాం" అనాలి. హాస్టల్లో పక్క మంచం అమ్మాయిని నేను ఇంతవరకు పలకరించలేదు. ఇక్కడ రోజూ మూడు వందల మందిని పలకరిస్తాను.

వరుణగిరి మొదలై ముప్పై ఏళ్ళు దాటింది. మంచుకొండ, కొండ మీద కోట, కోట చుట్టూ ఎనిమిది వీధులు. బొమ్మలు మొరటువి. చేతికి నాలుగే వేళ్ళు. అయినా బయట నలభై ఎనిమిది డిగ్రీలు కాస్తుంటే, గొంగళి కప్పుకున్న మన బొమ్మ నోట్లోంచి చలికి ఆవిరి రావడం చూడాలని ఒకప్పుడు వేలమంది వచ్చేవారట.

ఎనిమిదో వీధిలో నీలవేణి గారు ఎదురొచ్చారు. చేతిలో మూకుడు, మూకుట్లో నిప్పులు.

"ఏటి లెక్కలపిల్లా, ఇయాల ఎంతమందిమి?"

"మూడు వందల నలభై ఒకటండీ. నిన్నటికన్నా ఇద్దరు తక్కువ."

"ఆ ఇద్దరి కుంపట్లూ నా నెత్తి మీదే పడతాయి సూడు."

మే 9, శనివారం
లెక్క: 336

వరుణగిరిలో ప్రతి ఇంటికీ ఒక కుంపటి ఉంటుంది. వారం పాటు ఎవరూ నిప్పు వేయకపోతే అది ఆరిపోతుంది. ఆరిన ఇల్లు మంచులో కూలిపోతుంది, సామానుతో సహా. జనం రోజూ రావాలని మొదట్లో పెట్టిన షరతు ఇది. అగ్గిపెట్టె లేదు. ఒక కుంపట్లో నిప్పులు మూకుట్లో తీసుకెళ్ళి ఇంకో కుంపటి వెలిగించాలి.

కాబట్టి ఊరు వెళ్ళేవాళ్ళు పక్కింటివాళ్ళకు చెప్పి వెళ్ళేవారు. కొందరు తిరిగి వచ్చేవారు. రానివాళ్ళ కుంపట్లు పక్కింటివాళ్ళకు ఉండిపోయాయి. ఆ పక్కింటివాళ్ళూ వెళ్ళిపోతే, ఆ పక్కవాళ్ళకు. ఇప్పుడు నీలవేణి గారు నలభైకి పైగా ఇళ్ళు చూస్తున్నారు. అన్నిటికన్నా ముందు తురగ అనే ఆయన ఇల్లు. చివరి మలుపులో, నీలం తలుపు.

ఎందుకు ముందు అని ఈ రోజు అడిగాను.

"నాను కొత్తగా ఒచ్చినప్పుడు నిప్పట్టుకోడం రాదు. మెట్ల మీద మూడుసార్లు ఒలకబోసినాను. అందరూ నవ్వినారు. ఆడొక్కడే నవ్వలేదు. నాలుగోసారి పక్కనే నడిసినాడు. ఆరు నెల్లలో ఒచ్చీస్తాను, ఇల్లు సూడక్కా అని ఎల్లినాడు."

"ఎప్పుడు?"

"ఆరేళ్ళయింది."

ఆయన అసలు పేరు ఆమెకు తెలియదు, ఊరూ తెలియదు. వరుణగిరిలో అవి అడగరు, మర్యాద కాదు. ఇల్లు కూలిపోతే ఆయన తిరిగి వచ్చినా ఆమెను వెతుక్కోవడానికి గుర్తు ఉండదు. అది ఆమె భయం.

మే 12, మంగళవారం
లెక్క: 331

మానేసినవాళ్ళకు కారణం అడుగుతూ ఉత్తరాలు పంపాం. జవాబిచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒకటే మాట రాశారు. అలసట. ఒకావిడ రాసింది: "నా ఇంట్లోనే మూడు పొయ్యిలు. ఆటలో పదిహేడు. ఇక చాలు."

మా విభాగం చూసే ముకుంద్ సార్‌కు ఒక ప్రతిపాదన పంపాను. కుంపట్లు వాటంతట అవే వెలిగేటట్టు చేస్తే ఎవరి మీదా భారం ఉండదు. మానేయడానికి మొదటి కారణం పోతుంది.

సార్ ఫోన్ చేశారు. "ఖర్చేమైనా ఉందా?"

"ప్రోగ్రాంలో ఒక్క వరుస మారిస్తే చాలు సార్."

"మీరు ఎప్పుడూ ఏమీ చెప్పరు జెసింతా. చెప్తే ఇలా చెప్తారన్నమాట. చేసేద్దాం."

ఫోన్ పెట్టాక కాసేపు సంతోషంగా ఉంది.

మే 20, బుధవారం
లెక్క: 398

నిన్నటి నుంచి కుంపట్లు ఆరడం లేదు. వార్త తెలిసి పాతవాళ్ళు కూడా వచ్చారు. కోట ముందు డప్పు వాయించారు. మొదటి వీధిలో ఉండే గోరింక అనే ఆయన మూకుడు నెత్తి మీద బోర్లించుకుని ఆడాడు.

"లెక్కలక్కా, నీ కడుపు సల్లగుండ. మా అందరి నడుములు నిలబెట్టినవ్."

నీలవేణి గారు నీలం తలుపు ముందు కూర్చుని ఉన్నారు. లోపల కుంపటి దానంతట అదే కణకణమంటోంది.

"ఇంక ఆడి ఇల్లు పడదు కదేటి?"

"పడదండీ. ఎప్పటికీ పడదు."

ఆమె మూకుడు ఒళ్ళో పెట్టుకున్నారు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

జూన్ 3, బుధవారం
లెక్క: 287

వేసవి పరీక్షల వల్ల అనుకున్నాను. తర్వాత కరెంటు కోతల వల్ల అనుకున్నాను. మిగతా లోకాల లెక్కలు తెప్పించి చూస్తే ఏదీ తగ్గలేదు.

నాలుగో వీధిలో "ఉన్నారా?" అంటే ఒక్క గొంతు పలికింది. ఇళ్ళన్నీ వెలుగుతూనే ఉన్నాయి. నెల కిందట ఒకరింటి ముందు ఒకరు ఆగేవారు. నీ నిప్పులు తడిసిపోయాయి, నా దాంట్లోంచి రెండు తీసుకో, మీ కోడలు పిల్ల పరీక్ష ఎలా రాసింది. ఇళ్ళ మధ్య తిరిగే పని పోయాక మాట్లాడుకోవడానికి ఎవరూ ఆగడం లేదు.

గోరింక మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు.

"గీ సలిల గూసోని ఏం జేయాలె అక్కా? దినాం పొద్దుగాల లేసి, అమ్మో మూకుడు వట్టాలె అని తిట్టుకుంట వస్తుంటి. గిప్పుడు తిట్టుకోనీకి గూడ ఏం లేదు."

"మీరే కదండీ అలసిపోయామన్నారు."

"అలసిపోయినమన్నం. పోతమన్నమా?"

 ఎవరైనా ఎదురు మాట్లాడితే నాకు స్కూల్లోలా చేతులు కట్టుకోవాలనిపిస్తుంది.

జూన్ 10, బుధవారం
లెక్క: 214

పాత పద్ధతికి మార్చమని ముకుంద్ సార్‌కు రాశాను. నా ప్రతిపాదన తప్పని కూడా రాశాను. ఇచ్చిన సౌకర్యం తీసేస్తే ఫిర్యాదులు వస్తాయని జవాబు.

ఫిర్యాదు చేయడానికైనా మనుషులు వస్తారు సార్, అని రాసి కొట్టేశాను. తర్వాత మళ్ళీ అదే రాసి పంపాను.

జూన్ 13, శనివారం
లెక్క: 190

ముకుంద్ సార్ నేల కింద గదికి వచ్చారు. ఎండలో నడిచి వచ్చినందుకు ముఖం కమిలిపోయింది. నా సీసాలో నీళ్ళు ఇచ్చాను. తాగి, నా బల్ల అంచున కూర్చున్నారు.

"ఈ నెల సగటు మూడు వందలు దాటదు. అవునా?"

"దాటదు సార్."

"మండలిలో చిన్న లోకం అని ఒక తరగతి ఉంది. వంద మంది చాలు. కానీ ఒక్క వీధికి సరిపడే కరెంటే ఇస్తారు. మనిషికి ఒక ఇల్లు, ఒక కుంపటి. మిగతాదంతా తీసేయాలి. ఇరవై ఏడులోపు మారకపోతే మొత్తం ఆపేస్తారు."

"ఊళ్ళో లేనివాళ్ళ ఇళ్ళు?"

"లేనివాళ్ళకు ఇళ్ళెందుకు?"

ఒక్క షరతు అడిగాను. కొత్త వీధిలో కుంపట్లు మళ్ళీ ఆరాలి. ఆయన సీసా నాకు తిరిగి ఇచ్చి, "మీ ఇష్టం. ఒక్క వరుసేగా," అన్నారు.

జూన్ 15, సోమవారం
లెక్క: 183

కోట మెట్ల మీద నిలబడి చెప్పాను. నా గొంతు చివరివాళ్ళకు వినపడలేదు. గోరింక ఒక్కో వాక్యం గట్టిగా తిరిగి చెప్పాడు. ఎనిమిదో వీధి పోతుంది. ఏడు పోతుంది. ఆరు పోతుంది. మొదటి వీధి ఉంటుంది. ఎవరి కుంపట్లో నిప్పులు వాళ్ళు స్వయంగా మొదటి వీధికి మోసుకొచ్చి కొత్త కుంపటి వెలిగించాలి.

అందరూ వెళ్ళాక నీలవేణి గారు మిగిలారు.

"తురగ ఇల్లేటవుతది?"

"ఆయన వచ్చి వెలిగిస్తేనే ఉంటుందండీ."

"మీ ఆఫీసులో ఆడి అడ్రసుంటాది కదా. ఒక్క మాట కబురెట్టు. ఒచ్చి ఎలిగించుకుని పొమ్మను. నన్ను పలకరించక్కర్లేదు."

ఒకరి వివరాలు ఇంకొకరి కోసం తెరవకూడదని నిబంధన ఉంది. అదే చెప్పాను.

"నిన్ను నిబంధన అడగలేదు అమ్మా. సాయం అడిగినాను."

జూన్ 18, గురువారం
లెక్క: 171

తెరిచాను.

ఆయన చనిపోయి ఉంటాడనో, జైల్లో ఉంటాడనో, ఓడ మీద ఉంటాడనో అనుకున్నాను. తురగ పేరు పక్కన మా కంపెనీదే ఇంకో లోకం ఉంది. ఊర్ధ్వ. మేఘాల మీద ఊరు, కొత్తది, లక్షలమంది. ఆరేళ్ళ కిందట ఊర్ధ్వ మొదలైన వారంలోనే ఆయన చేరారు. రోజూ మధ్యాహ్నం వస్తున్నారు. నిన్న కూడా వచ్చారు.

జూన్ 20, శనివారం
లెక్క: 160

శనివారాలు ఊర్ధ్వలో కూడా ఒక వీధి నమూనా లెక్క తీస్తాను. ఈ రోజు నమూనా వీధి ఆయనది ఎంచుకున్నాను. ఇలాంటిది ఇంతకుముందు ఎప్పుడూ చేయలేదు.

ఊర్ధ్వలో బొమ్మలకు అయిదు వేళ్ళూ ఉంటాయి. గోళ్ళు కూడా. ఆయన గాలిపడవకు రంగు వేస్తున్నారు. కంఠం పెద్దవయసుది.

"ఉన్నారా?" అన్నాను.

"ఉన్నామండీ. పడవెక్కుతారా? ఒక రౌండేసుకొద్దాం."

"వరుణగిరిలో మీ ఇల్లు..."

ఆయన కుంచె ఆగింది. "అయ్యబాబోయ్, అదింకా ఉందాండీ? ఆర్నెల్లకే కూలిపోయుంటదనుకున్నాను."

"నీలవేణి గారు చూస్తున్నారు. రోజూ."

"నీలవేణి..." కుంచె డబ్బాలో పెట్టారు. "మెట్ల మీద నిప్పులు పారబోసేసేది, ఆవిడేనా? ఇంకా అక్కడే ఉందా?"

"ఆరు నెలల్లో వస్తానన్నారట మీరు."

"అన్నానా? ఏదో మాటవరసకి అనుంటానండి. ఇక్కడ కొత్తగా తెరిచారు కదా, చూసొద్దామని వచ్చాను. ఇక్కడే పడిపోయాను." నవ్వబోయి మానేశారు. "కూలిపోనివ్వమనండి పాపం. ఎందుకావిడకి శ్రమ."

"ఇరవై ఏడులోపు మీరొక్కసారి వస్తే..."

"చూస్తానండి."

ఆ మాట అర్థం నాకు తెలుసు. మానేసినవాళ్ళ జవాబుల్లో చాలాసార్లు చదివాను.

జూన్ 24, బుధవారం
లెక్క: 144

నీలవేణి గారు రోజూ అడుగుతున్నారు. కబురు వెళ్ళింది, అన్నాను. అబద్ధం కాదు. ఒచ్చాడా అంటారు. ఇంకా లేదంటాను. అదీ అబద్ధం కాదు. హాస్టల్‌కు వచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

జూన్ 27, శనివారం
లెక్క: 131

అందరూ మూకుళ్ళతో దిగుతున్నారు. ఎనిమిది వీధుల నుంచి ఒకే వీధికి. మెట్ల మీద జనం ఒకరినొకరు రాసుకుని నడవడం ఈ మధ్య నేను చూడలేదు.

"మెల్లగ నడువుండ్రి, గాడ ఒలకబోస్తే నేనియ్య," అని గోరింక అరుస్తున్నాడు. ఎవరో ఆయనను తిడుతున్నారు. లెక్క తీశాను. నూట ముప్పై ఒకటి. చాలు.

నీలవేణి గారు పొద్దున్నే తన కుంపటి కింద వెలిగించుకున్నారు. లెక్కలో "ఉన్నాను" అని పలికి మళ్ళీ పైకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఎనిమిదో వీధిలో ఇద్దరమే. నీలం తలుపు తీసి ఉంది. ఆమె మూకుట్లో తురగ కుంపటి నిప్పులు ఎత్తుతున్నారు.

"లెక్కలపిల్లా, మనిసికొక్క కుంపటన్నావు కదా. నాది తీసీ. ఆడిది ఎట్టు."

"మీ ఇల్లు పోతుందండీ."

"పోనీ. నాను ఆడింటి అరుగు మీద కూకుంటాను. ఆడు ఒచ్చీసరికి ఇల్లుండాల."

ఆమె చేయి కుంపట్లో ఉంది. ఇంకో నిమిషంలో కిందికి వెళ్ళి తన నిప్పు ఆర్పేస్తారు.

"నీలవేణి గారూ, ఆయన రారు."

"నీకెలా తెలుసు?"

చెప్పాను. ఊర్ధ్వలో ఉన్నారని. ఆరేళ్ళుగా అక్కడే ఉన్నారని. నేను వెళ్ళి అడిగానని.

వరుణగిరి బొమ్మల ముఖానికి మూడే భావాలు: నవ్వు, కోపం, మామూలు. ఆమె ముఖం మామూలుగానే ఉంది. నోట్లోంచి ఆవిరి వస్తూనే ఉంది.

"బావున్నాడా?"

"బాగున్నారండీ. పడవకు రంగు వేసుకుంటున్నారు."

"సచ్చిపోనాడనుకున్నాను," అన్నారు. "మూడేళ్ళ కిందటే అనీసుకున్నాను, అయినా ఆశ సావలేదు. సచ్చిపోనోడి నిప్పు మన సేత్తో ఆర్పకూడదని మోస్తన్నాను." మూకుట్లో నిప్పుల వైపు చూశారు. "బావుండి రాలేదన్నమాట."

నేను గుమ్మం పక్కకు జరిగాను. 

ఆమె మూకుడు మంచు మీద బోర్లించారు. చుయ్యిమని శబ్దం వచ్చింది. ఆ శబ్దం ఆటలో ఉందని నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ కిందట ఎవరో శ్రద్ధగా పెట్టి ఉంటారు.

"నా కుంపటి ఎవులూ ముట్టుకోకండి," అని చెప్పి వెళ్ళిపోయారు. బొమ్మ మాయమయ్యాక అడుగుల గుర్తులు కాసేపు ఉండి పూడిపోయాయి.

సాయంత్రం ముకుంద్ సార్ ఏడు వీధులు తీసేశారు.

జూలై 1, బుధవారం
లెక్క: 130

మొదటి వీధి కిక్కిరిసి ఉంది. నిన్న రెండు తగాదాలు జరిగాయి. ఒకటి బొగ్గు కోసం, ఒకటి అరుగు కోసం. ఎవరూ మానేయలేదు. ముకుంద్ సార్ చాలా బాగుందన్నారు.

నీలవేణి గారు రాలేదు. ఆమె చెప్పి వెళ్ళిన మాట వీధిలో అందరికీ చెప్పాను. ఆమె కిటికీలో ఎరుపు తగ్గుతోంది. గోరింక రెండుసార్లు మూకుడుతో ఆ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"ముట్టొద్దన్నది గదా అక్కా. మాట మాటే."

ఆమె వివరాలు నా దగ్గర ఉన్నాయి. ఊరు, వీధి, ఫోన్ నంబరు. తెరవలేదు. ఒకసారి తెరిస్తే ఏమైందో చూశాను.

జూలై 4, శనివారం
లెక్క: 131

లెక్క సగంలో ఉండగా వీధి మొదట్లో ఒక బొమ్మ కనిపించింది. బట్టలు చాలా పాతవి, ఇప్పుడెవరూ వేసుకోని రకం. గోడకు తగులుకుంటూ నడుస్తోంది. నడక మరచిపోయిన మనిషి.

"ఎనిమిదో వీధికెలా వెళ్ళాలండీ?"

గొంతు గుర్తుపట్టాను. "ఎనిమిదో వీధి లేదండీ. మీ ఇల్లు కూడా లేదు."

"ఇల్లు కోసం కాదండీ." తురగ గారు చుట్టూ చూశారు. "ఆవిడేరి?"

గోరింక అరుగు మీద నుంచి దిగాడు. "గా నీలం తలుపాయన నువ్వేనా? నీ కుంపటి మేం జూడలే, ఆమెనే జూసింది. తెలుసా?"

"తెలుసండీ. రెండు వారాల కిందటే ఈవిడ చెప్పారు."

"తెల్సి రెండు వారాలు కూసున్నవ్."

"కూర్చున్నానండి," అన్నారు తురగ గారు. "రోజూ వద్దామనే అనుకున్నాను. వచ్చాక ఆవిడకేం చెప్పాలో తెలీక."

గోరింక వేలుతో ఆమె ఇల్లు చూపించాడు. కిటికీలో వెలుగు దాదాపు లేదు. సాయంత్రానికి వారం నిండుతుంది.

"ఎవరూ వేయట్లేదాండీ?"

"ముట్టొద్దని చెప్పి పోయింది," అన్నాడు గోరింక.

తురగ గారు ఆ గుమ్మం ముందు నిలబడ్డారు.

"నాకు చెప్పలేదు కదండీ," అన్నారు.

ఆయనకు ఇక్కడ కుంపటి లేదు. నిప్పు ఎవరినో అడగాలి. గణకులకు కుంపటి ఇవ్వరు కాబట్టి నేను ఇవ్వలేను.  గోరింక లోపలికి వెళ్ళి తన మూకుడు నిండా నిప్పులు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

మూడు మెట్లు ఎక్కేసరికి సగం ఒలికిపోయాయి. ఎవరూ నవ్వలేదు. మిగిలిన సగంతో ఆయన లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి కిటికీలో కాస్త ఎరుపు వచ్చింది. బయటకు వచ్చి ఖాళీ మూకుడు గోరింకకు తిరిగి ఇవ్వబోయారు.

"ఉంచుకో," అన్నాడు గోరింక. "రేపు గూడ గావాలె."

నేను వీధి మొదటికి వెళ్ళి లెక్క మళ్ళీ మొదలుపెట్టాను. "ఉన్నారా?" అంటే ఆమె గుమ్మం దగ్గర నుంచి ఆయన "ఉన్నానండీ" అన్నారు.

వారపు నివేదిక పంపాను. పోయిన శనివారం 131. ఈ శనివారం 131. మార్పు అనే చోట "లేదు" అని రాశాను.